ప్లాంట్ డేటా సాఫ్ట్‌వేర్ కొనేముందు: 'కనీస అవసరాలు', 'ఆప్షనల్' అనే మాటల వెనక ఏముంది?

క్లుప్తంగా

ప్లాంటులోని కొలతలను ఏళ్ల తరబడి దాచే సాఫ్ట్‌వేర్‌ను పరిశ్రమలో హిస్టోరియన్ అంటారు. దాని కొటేషన్‌లో కనిపించే కనీస సిస్టమ్ అవసరాలు సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ కావడానికి సరిపోయేవి. ప్లాంటు నడిచే తీరుకు అవి సరిపోతాయో లేదో వేరే లెక్క కట్టి చూసుకోవాలి. ఆ లెక్క ట్యాగులు (దాచే ఒక్కో కొలత), అవి మారే వేగం, నెట్‌వర్క్ లింకు తెగినప్పుడు పంపకుండా పేరుకునే విలువల బకాయి మీద ఆధారపడుతుంది. 'ఆప్షనల్' జాబితాలో ఉండే కొన్ని మాడ్యూళ్లు కొన్ని ప్లాంట్లకు తప్పనిసరి, మరికొన్ని ప్లాంట్లకు అనవసరం.

ఈ ప్రశ్న ఇప్పుడెందుకు వచ్చింది

చెన్నైకి ఉత్తరాన మణలి నుంచి ఎన్నూరు, గుమ్మిడిపూండి మీదుగా రాష్ట్ర సరిహద్దు దాటి తడ, శ్రీసిటీ, నాయుడుపేట దాకా ఫ్యాక్టరీలు వరసగా ఉన్నాయి. నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వైపు నుంచి వచ్చిన తెలుగు ఇంజనీర్లు ఈ దారి పొడవునా ఇన్‌స్ట్రుమెంటేషన్, ప్రొడక్షన్, ఐటీ విభాగాల్లో పనిచేస్తున్నారు. ప్లాంటు ఆంధ్రలో, ఆఫీసు గిండీలో, సాఫ్ట్‌వేర్‌ను తెచ్చి అమర్చే సిస్టమ్ ఇంటిగ్రేటర్ అంబత్తూరులో ఉండటం ఇక్కడ మామూలే.

ఈ ప్లాంట్లలో పదేళ్ల కిందట పెట్టిన డేటా సర్వర్లు చాలావాటికి ఇప్పుడు గడువు ముంచుకొచ్చింది. విండోస్ సర్వర్ 2012కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2023 అక్టోబరు 10తో ముగిసింది. ఆపరేటర్ల పీసీల్లో ఎక్కువగా ఉండే విండోస్ 10 మామూలు ఎడిషన్లకు 2025 అక్టోబరు 14 ఆఖరి రోజు అయింది. విండోస్ సర్వర్ 2016కి గడువు 2027 జనవరి 12. సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్ చాలాసార్లు కొత్త విండోస్ మీద నడవదు, కొత్త వెర్షన్ పాత హార్డ్‌వేర్ మీద నడవదు. అందుకే ఒక్కటి మార్చబోతే మొత్తం మార్చాల్సి వస్తోంది. కొటేషన్లు తెప్పించుకుంటే ఒక్కొక్కటీ ఒక్కోలా ఉంటోంది. లింకు తెగినప్పుడు విలువలను దాచి ఉంచే బఫరింగ్‌ను ఒక కంపెనీ ధరలో కలిపి ఇస్తే, ఇంకో కంపెనీ దాన్ని వేరే లైనులో చూపిస్తుంది. ఒకరు 16 జీబీ మెమరీ చాలంటే, మరొకరు 64 జీబీ అడుగుతారు. చూసేవాళ్లకు గందరగోళం, సంతకం పెట్టేవాళ్లకు టెన్షన్.

హిస్టోరియన్ చేసే పని

డీసీఎస్, పీఎల్సీ వంటి కంట్రోల్ సిస్టములు ప్లాంటును ఆ క్షణంలో నడపడం కోసం తయారైనవి. వాటి తెరల మీద కూడా ట్రెండ్లు కనిపిస్తాయి కానీ చాలావాటిలో అవి కొన్ని రోజులకో వారాలకో చెరిగిపోతాయి. గత ఏడాది ఇదే నెలలో ఈ పంపు ఎంత కరెంటు తీసుకుంది, మూడేళ్లలో ఈ హీట్ ఎక్స్ఛేంజర్ లోపల ఎంత మడ్డి పట్టింది వంటి ప్రశ్నలకు అక్కడ జవాబు దొరకదు. ఆ జ్ఞాపకం కోసమే హిస్టోరియన్ పుట్టింది.

ఈ రంగంలో బాగా వినిపించే హిస్టోరియన్ పీఐ సిస్టమ్‌ను తయారుచేసిన సంస్థ 1980లో కాలిఫోర్నియాలో ఆయిల్ సిస్టమ్స్ పేరుతో మొదలైంది. తర్వాత అది ఓఎస్ఐసాఫ్ట్ అయింది. 2021 మార్చిలో అవీవా దాన్ని కొనేసింది. హనీవెల్, ఆస్పెన్‌టెక్, యోకోగావా, సీమెన్స్, జీఈ వంటి సంస్థల హిస్టోరియన్లు కూడా ఉన్నాయి. గత దశాబ్దంలో ఇన్‌ఫ్లక్స్‌డీబీ, టైమ్‌స్కేల్‌డీబీ వంటి టైమ్ సిరీస్ డేటాబేసులు వచ్చాయి. పేర్లు వేరైనా లోపలి నిర్మాణంలో పోలిక ఉంది. ప్లాంటు పక్కన డేటా సేకరించే ఒక ఇంటర్‌ఫేస్ కంప్యూటర్, దాని వెనక డేటాను దాచే సర్వర్, ఆ వెనక జనం చూసుకునే తెరలు ఉంటాయి. అవసరాల లెక్కను ఈ మూడింటికీ విడివిడిగా వేయాలి. మూడింటినీ ఒకే కంప్యూటరులో పెట్టి ఒకే అంకె చెప్పే కొటేషన్‌ను ఇంకోసారి చదవడం మంచిది.

ట్యాగులు లెక్కపెట్టడం

ధర, సైజు రెండూ ట్యాగుల సంఖ్యతోనే మొదలవుతాయి. ట్యాగ్ అంటే కాలంతో పాటు మారే ఒక విలువ. ఈ లెక్క దగ్గరే మొదటి తప్పు జరుగుతుంది. ప్లాంటులో 400 కంట్రోల్ లూపులు (ఒక విలువను కొలిచి, దాన్నిబట్టి వాల్వును సర్దే ఏర్పాట్లు) ఉంటే 400 ట్యాగులు అనుకుంటారు. కానీ ఒక లూపులో కొలిచిన విలువ, సెట్ పాయింట్, వాల్వుకు వెళ్లే అవుట్‌పుట్, ఆటోలో ఉందా మాన్యువల్‌లో ఉందా అనే మోడ్, మొత్తం నాలుగు ఉంటాయి. మోడ్‌ను దాచకపోతే 'ఆ సమయంలో ఆపరేటర్ లూపును మాన్యువల్‌లో పెట్టాడా' అన్న ప్రశ్నకు ఎప్పటికీ జవాబు దొరకదు. అంటే 400 లూపులకు 1,600 ట్యాగులు.

దానికి తోడు, కొలత మాత్రమే చూపించే పాయింట్లు 1,500, మోటార్ల రన్, ట్రిప్ (దానంతటదే ఆగిపోవడం), వాల్వుల ఓపెన్, క్లోజ్ వంటి డిజిటల్ పాయింట్లు 1,500 ఉన్నాయనుకుందాం. లెక్క 4,600 అయింది. ఇంకా 400 మిగులు ఉందని 5,000 ట్యాగుల లైసెన్సు తీసుకుంటారు. ఆరు నెలలకు ఎనర్జీ, ఎఫిషియెన్సీ లెక్కల ట్యాగులు 300, ల్యాబ్ ఫలితాలు 150, చిమ్నీ ఎనలైజర్లవి 50 వచ్చి చేరతాయి. మొత్తం 5,100. చాలా ఉత్పత్తుల్లో లెక్కగట్టిన విలువ కూడా ట్యాగే, దానికీ లైసెన్సులో చోటు కావాలి. అప్పుడు కొత్త ట్యాగులు పెట్టడానికి పాతవి తీసేయడం మొదలవుతుంది. తీసేసినవాటిలో ముందుగా పోయేది మోడ్ ట్యాగే. కొనే రోజున లెక్కలో 25 నుంచి 30 శాతం ఖాళీ ఉంచమని ఇంటిగ్రేటర్లు చెప్పేది ఇందుకే. దాన్ని అమ్మకం కోసం చెప్పే మాటగా తీసిపారేయకూడదు.

డిస్క్ ఎంత కావాలి: కుదింపు కథ

డిస్క్ లెక్కను ముందు అతి చెడ్డ పరిస్థితితో మొదలుపెట్టవచ్చు. 5,000 ట్యాగులు సెకనుకు ఒక్కో విలువ ఇస్తే రోజుకు 43.2 కోట్ల విలువలు. ఒక్కో విలువకు సమయం, క్వాలిటీ (కొలత నమ్మదగిందా కాదా అనే గుర్తు)తో కలిపి 16 బైట్లు పడుతుందనుకుంటే రోజుకు దాదాపు 6.9 జీబీ. ఏడాదికి రెండున్నర టీబీ. నిజానికి ఇంత అవసరం పడదు, ఎందుకంటే హిస్టోరియన్ వచ్చిన ప్రతి విలువనూ దాచదు.

వడపోత రెండు చోట్ల జరుగుతుంది. మొదటిది ఇంటర్‌ఫేస్ దగ్గర. కిందటిసారి పంపిన విలువకూ ఇప్పటి విలువకూ తేడా ఒక హద్దు దాటితేనే సర్వర్‌కు పంపుతుంది. దీన్ని ఎక్సెప్షన్ అంటారు. రెండోది సర్వర్ దగ్గర జరిగే కంప్రెషన్. దీనికి ఎక్కువ మంది వాడేది స్వింగింగ్ డోర్ పద్ధతి. దీనికి 1987లో ఫాక్స్‌బరో సంస్థ తరఫున పేటెంట్ వచ్చింది.

దాచిన చివరి విలువ దగ్గర, దానికి కాస్త పైన ఒక బందు, కాస్త కింద ఒక బందు ఉన్నాయనుకోవాలి. ఒక్కో బందుకు ఒక్కో తలుపు రెక్క. కొత్త విలువ వచ్చిన ప్రతిసారీ దాన్ని తమ మధ్యలో ఇముడ్చుకోవడానికి రెక్కలు బయటికి తెరుచుకుంటాయి, మళ్లీ లోపలికి మూసుకోవు. రెండు రెక్కలూ సమాంతరం దాటి తెరుచుకున్నాయంటే ఇన్నాళ్లూ ఒక సరళరేఖలో సాగిన కొలత దారి మళ్లిందని అర్థం. అప్పుడు అంతకు ముందు వచ్చిన విలువను దాచి, అక్కడి నుంచి కొత్త తలుపు మొదలుపెడుతుంది. ట్యాంకు ఆరు గంటలు ఒకే వేగంతో నిండితే మొదటి విలువ, చివరి విలువ దాచితే చాలు, మధ్యలోవి గీత గీసి చెప్పేయవచ్చు. నిలకడగా నడిచే ప్లాంటులో దీనివల్ల వచ్చినవాటిలో పదో వంతే డిస్కుకు చేరినా సమాచారం పోదు. పై లెక్క రోజుకు 0.69 జీబీకి, ఏడాదికి 250 జీబీకి దిగుతుంది. పదేళ్లకు రెండున్నర టీబీ. ఈ రోజుల్లో అది పెద్ద డిస్క్ కాదు.

అసలు చిక్కు హద్దుల దగ్గర ఉంది. చాలా ప్లాంట్లలో ట్యాగులను టోకున సృష్టించి, అన్నింటికీ కొలత పరిధిలో ఒక శాతం అనే హద్దు పెట్టేస్తారు. 0 నుంచి 500 డిగ్రీల పరిధి ఉన్న ట్యాగుకు ఒక శాతం అంటే 5 డిగ్రీలు. రియాక్టర్ ఉష్ణోగ్రత 82 నుంచి 85కి ఎగసి మళ్లీ 82కి దిగితే ఆ కదలిక రికార్డులో ఉండదు, గీత తిన్నగా కనిపిస్తుంది. ఆ బ్యాచ్ ఎందుకు చెడిందో వెతికేవాళ్లకు హిస్టోరియన్ 'ఏమీ జరగలేదు' అని చెబుతుంది. అది అబద్ధం. ఒకసారి దాచని విలువను తర్వాత ఎంత డబ్బు పెట్టినా తిరిగి తేలేరు. కంప్రెషన్ హద్దును ఆ పరికరం ఖచ్చితత్వానికి దగ్గరగా, ఎక్సెప్షన్ హద్దును అందులో సగంగా పెట్టడం ఈ రంగంలో పాటించే పద్ధతి. ఐదు వేల ట్యాగులకు ఇది చేయడం వారాల పని. కొటేషన్‌లో ఈ పనికి రోజులు కేటాయించి ఉన్నాయో లేవో చూడటం డిస్క్ సైజు చూడటం కంటే ముఖ్యం. డిస్క్ చవక.

మెమరీ, ప్రాసెసర్, డేటాబేసు హద్దులు

డేటా రాయడానికి పెద్ద ప్రాసెసర్ అక్కర్లేదు. బరువంతా చదివేటప్పుడు పడుతుంది. పై లెక్క ప్రకారం సెకనుకొకసారి వచ్చే ట్యాగులో పదో వంతు దాచినా ఏడాదికి 31.5 లక్షల విలువలు. తెర మీద గీయడానికి ఇవన్నీ అక్కర్లేదు కాబట్టి సర్వర్ తెర వెడల్పుకు సరిపడా ఏరి ఇస్తుంది. ఎక్సెల్‌లోకి మొత్తం విలువలు కావాలని ఎవరైనా అడిగితే మాత్రం సర్వర్ అన్నీ తవ్వి తీయాలి. ఎక్సెల్ షీటులో వరసలు 10,48,576 మాత్రమే, ఒక్క ట్యాగే పట్టదు. నెలాఖరున నలుగురు ఒకేసారి ఇలాంటి రిపోర్టులు తీస్తే కంట్రోల్ రూమ్ తెరలు నెమ్మదిస్తాయి. మెమరీని ట్యాగుల సంఖ్యతో పాటు ఒకేసారి చదివేవాళ్ల సంఖ్యను బట్టి కూడా నిర్ణయించాలి. డిస్క్ విషయంలో ఎస్ఎస్‌డీ తీసుకుని, చాలా తయారీదారులు సూచించినట్లు విలువలు దాచే ఆర్కైవ్ ఫోల్డర్‌ను యాంటీవైరస్ స్కానింగ్ నుంచి మినహాయిస్తే చాలావరకు సమస్య తీరుతుంది.

ఇంకో దాగుడు హద్దు డేటాబేసుది. కొన్ని సాఫ్ట్‌వేర్లు కొలతలను తమ సొంత ఫైళ్లలో దాచి, పరికరాల జాబితా, సెట్టింగులను మాత్రం మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో పెడతాయి. మరికొన్ని కొలతలను కూడా అందులోనే పెడతాయి. ఖర్చు తగ్గించడానికి ఉచిత ఎక్స్‌ప్రెస్ ఎడిషన్ సూచిస్తారు. 2022 వెర్షన్ వరకు ఎక్స్‌ప్రెస్‌లో ఒక డేటాబేసుకు 10 జీబీ హద్దు. సెట్టింగులకైతే అది ఏళ్ల తరబడి చాలు. కొలతలు కూడా అందులోకే పోతే, రోజుకు 0.69 జీబీ చొప్పున రెండు వారాల్లో నిండిపోతుంది. ఒకే పేరున్న ఎడిషన్ ఒకచోట సరిపోతుంది, ఇంకోచోట అస్సలు సరిపోదు. తేడా అంతా లోపల ఏం దాస్తున్నారన్న దాంట్లో ఉంది.

ఒక సెక్యూరిటీ ప్యాచ్ నేర్పిన సంగతి

సిస్టమ్ అవసరాల పేజీలో జనం ఎక్కువగా దాటేసేది కమ్యూనికేషన్ భాగం. కంట్రోల్ సిస్టమ్ నుంచి డేటా తీసుకోవడానికి 1996 తర్వాత ఓపీసీ అనే ప్రమాణం విస్తరించింది. దాని పాత రూపం, ఓపీసీ డీఏ, విండోస్‌లోని డీకామ్ అనే ఏర్పాటు మీద ఆధారపడింది. డీకామ్‌లో ఒక భద్రతా లోపం బయటపడటంతో మైక్రోసాఫ్ట్ మూడు విడతలుగా బిగించింది. 2021 జూన్‌లో మార్పును ఇచ్చింది కానీ ఆన్ చేయలేదు. 2022 జూన్‌లో ఆన్ చేసి, కావాలంటే ఆఫ్ చేసుకునే వీలు ఉంచింది. 2023 మార్చి 14న ఆ వీలు కూడా తీసేసింది. ఒక కంప్యూటరులోని ఓపీసీ సర్వర్‌తో ఇంకో కంప్యూటరు నుంచి మాట్లాడే పాత సాఫ్ట్‌వేర్లకు కొత్త భద్రతా స్థాయి తెలియకపోతే, ప్యాచ్ పడ్డాక డేటా ఆగిపోతుంది. ప్లాంటు నడుస్తూనే ఉంటుంది, ట్రెండ్ మాత్రం గడ్డకట్టినట్లు ఒకే విలువ చూపిస్తుంది.

దీనికి మందులు మూడు. ఇంటర్‌ఫేస్‌ను ఓపీసీ సర్వర్ ఉన్న కంప్యూటరులోనే పెడితే డీకామ్ నెట్‌వర్క్ దాటాల్సిన పని ఉండదు. డీకామ్ లేకుండానే రెండు కంప్యూటర్ల మధ్య డేటాను చేరవేసే టన్నెల్ సాఫ్ట్‌వేర్ పెట్టడం రెండోది. ఓపీసీ కొత్త రూపమైన ఓపీసీ యూఏకి మారడం మూడోది. యూఏ విండోస్ మీద ఆధారపడదు, సర్టిఫికెట్లతో పనిచేస్తుంది, సాధారణంగా 4840 అనే ఒకే పోర్టు వాడుతుంది. పాత పద్ధతికి 135తో పాటు ఎప్పటికప్పుడు మారే పోర్టులు చాలా తెరవాల్సి వచ్చేది, అందుకే ఫైర్‌వాల్ చూసేవాళ్లకు అది నచ్చదు. యూఏ ఇంటర్‌ఫేస్ చాలా కొటేషన్లలో విడిగా కొనాల్సిన ఆప్షన్‌గా ఉంటుంది. పాత డీసీఎస్ ఇంకా పదేళ్లు ఉండబోతుంటే టన్నెల్ సరిపోవచ్చు. కొత్త ప్లాంటుకు ఈ రోజు ఓపీసీ డీఏ మీద కొనడం మాత్రం తెలిసి తెలిసి పాత బాకీని నెత్తికెత్తుకోవడమే.

లింకు తెగినప్పుడు

2015 డిసెంబరు వరదల్లోనూ, 2023 డిసెంబరులో బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ తుపాను సమయంలోనూ చెన్నైలో చాలా ప్రాంతాలకు కరెంటు, నెట్‌వర్క్ రోజుల తరబడి లేవు. నాయుడుపేటలో ప్లాంటు, చెన్నైలో సెంట్రల్ సర్వర్ ఉన్న సంస్థకు ఇది ఊహించుకునే ప్రమాదం కాదు, మళ్లీ వచ్చేది. ఇంటర్‌ఫేస్ కంప్యూటరులో బఫరింగ్ ఉంటే లింకు లేనంతసేపు విలువలను అక్కడే దాచి, లింకు వచ్చాక పంపిస్తుంది. లేకపోతే ఆ రోజుల చరిత్ర ఖాళీ.

బఫరింగ్‌కు కావాల్సిన చోటు చాలా తక్కువ. ఇంటర్‌ఫేస్ సెకనుకు 1,000 విలువలు పంపుతోందనుకుంటే రోజుకు 8.64 కోట్లు, మూడు రోజులకు దాదాపు 26 కోట్లు. పై లెక్క ప్రకారం 4 జీబీకి కాస్త ఎక్కువ, పెన్‌డ్రైవ్‌లో పట్టేంత. ఇంత చిన్న ఖర్చుకు ఇంత పెద్ద రక్షణ ఇచ్చే మాడ్యూల్ ఇంకోటి లేదు. దాన్ని ఆప్షనల్ కాలమ్‌లో చూస్తే కొనుగోలు విభాగం అక్కర్లేదని కొట్టేస్తుంది. అలా కొట్టేయడం తప్పు.

ఇక్కడే సర్వర్ సైజుకు సంబంధించిన ఇంకో లెక్క ఉంది, దీన్ని చాలామంది వేయరు. లింకు ఒక రోజు తెగి మళ్లీ వచ్చింది. 8.64 కోట్ల విలువలు బకాయి ఉన్నాయి. మామూలుగా వచ్చే 1,000 విలువలు వస్తూనే ఉంటాయి. సర్వర్ సెకనుకు 1,500 మాత్రమే తీసుకోగలిగితే బకాయి తీర్చడానికి మిగిలేది 500. ఆ లెక్కన పాత డేటా మొత్తం చేరడానికి రెండు రోజులు పడుతుంది. ఈలోగా వచ్చే షిఫ్ట్ రిపోర్టులన్నీ అరకొరగా ఉంటాయి. అదే సర్వర్ 5,000 తీసుకోగలిగితే ఆరు గంటల్లో బకాయి తీరుతుంది. సగటు రోజును చూసి కొన్న సర్వర్ సగటు రోజున బాగానే ఉంటుంది, అవసరమైన రోజున వెనకబడుతుంది.

సర్వర్లు పెట్టే గది కూడా అవసరాల కిందికే వస్తుంది. ఉత్తర చెన్నైలో గ్రౌండ్ ఫ్లోర్‌లో సర్వర్ ర్యాక్ పెట్టడం, యూపీఎస్ బ్యాటరీలను నేల మీద ఉంచడం ఏ కొటేషన్‌లోనూ తప్పుగా కనిపించదు. నీళ్లొచ్చాకే కనిపిస్తుంది.

నెట్‌వర్క్ పొరలు, గడియారం

ప్లాంటు కంట్రోల్ నెట్‌వర్క్, ఆఫీసు నెట్‌వర్క్ నేరుగా కలవకూడదన్నది ఐఈసీ 62443 వంటి ప్రమాణాల మూలసూత్రం. రెంటి మధ్య ఒక మధ్యపొర ఉండి, ఆఫీసు వాళ్లు చూసే సర్వర్ అక్కడే ఉంటుంది. దీనివల్ల ఒక సర్వర్ కాస్తా రెండు సర్వర్లు, రెండు ఫైర్‌వాళ్లు, ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కు డేటా నకలు పంపే ఒక రెప్లికేషన్ మాడ్యూల్ అవుతుంది. ఖర్చు పెరుగుతుంది. కానీ ఆఫీసు మెయిల్‌లో వచ్చిన ఒక వైరస్ రియాక్టర్ కంట్రోలర్ దాకా నడిచి రాకుండా ఆపేది ఈ గోడే.

గడియారం విషయం చిన్నదిగా కనిపిస్తుంది. డీసీఎస్ సమయం ఏడు నిమిషాలు ముందుంటే ఏం జరుగుతుంది? విండోస్ డొమైన్‌లో లాగిన్లను సరిచూసే కెర్బెరోస్ మామూలుగా ఐదు నిమిషాల తేడానే ఒప్పుకుంటుంది, అది దాటితే లాగిన్లు విఫలమవుతాయి. ఇంకా రాని సమయంతో వచ్చిన విలువలను కొన్ని హిస్టోరియన్లు తిరస్కరిస్తాయి. రెండు యూనిట్ల గడియారాలు వేరైతే ఏ పంపు ముందు ట్రిప్ అయిందో తేల్చలేరు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల్లో కూడా సిస్టమ్ గడియారాలను ఎన్‌ఐసీ (నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్) లేదా జాతీయ భౌతిక ప్రయోగశాల సమయంతో కలపాలని, లాగులను 180 రోజులు ఉంచాలని, సైబర్ ఘటనలను 6 గంటల్లో తెలియజేయాలని ఉంది. ఇవి కంపెనీలకూ వర్తిస్తాయి. కాబట్టి టైమ్ సర్వర్, లాగులకు చోటు కూడా హిస్టోరియన్ బడ్జెట్‌లోనే ఉండాలి.

అసలేది, కొసరేది

'ఆప్షనల్' అనేది అమ్మేవాళ్లు పెట్టిన పేరు. అది లేకపోయినా సాఫ్ట్‌వేర్ నడుస్తుందని దాని అర్థం. అది లేకపోతే ప్లాంటు అవసరం తీరుతుందా అన్నది వేరే ప్రశ్న, జవాబు ప్లాంటును బట్టి మారుతుంది.

చెన్నై దక్షిణాన ఆలత్తూరులో మందుల తయారీ యూనిట్లున్నాయి. అమెరికాకు ఎగుమతి చేసే మందుల ఫ్యాక్టరీకి అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1997లో తెచ్చిన 21 సీఎఫ్‌ఆర్ పార్ట్ 11 నిబంధనలు వర్తిస్తాయి. ఎవరు, ఎప్పుడు, ఏ విలువను మార్చారో చెరపలేని ఆడిట్ ట్రయల్ కావాలి, ఎలక్ట్రానిక్ సంతకం కావాలి. ఆడిట్ ట్రయల్, సంతకం మాడ్యూళ్లు లేని హిస్టోరియన్ అలాంటి చోట ఎంత వేగంగా పనిచేసినా, ఆ రికార్డును తనిఖీలో ముందు పెట్టలేరు. బ్యాచ్ మాడ్యూల్ కూడా ఇక్కడ అసలు కిందే లెక్క. డేటాను 'మంగళవారం మధ్యాహ్నం' అని వెతకరు, 'ఫలానా బ్యాచ్, ఫలానా దశ' అని వెతుకుతారు. ఐఎస్ఏ-88 ప్రమాణం 1995 నుంచి చెబుతున్న దశల నిర్మాణం దీనికి ఆధారం.

నెమ్మేలిలో సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే ప్లాంట్ల వంటి చోట పరిస్థితి పూర్తిగా వేరు. అక్కడ ప్రక్రియ ఆగకుండా నడుస్తుంది, బ్యాచులు లేవు. నీటిని వడకట్టే పొరలు (మెంబ్రేన్లు) మెల్లగా మూసుకుపోవడాన్ని నెలల తరబడి గమనించాలి. సెకనుకొక విలువ అక్కర్లేదు, కానీ చరిత్ర పొడవుగా ఉండాలి. లెక్కల మాడ్యూల్ ముఖ్యం, బ్యాచ్ మాడ్యూల్ దండగ.

రిఫైనరీ, ఎరువుల కర్మాగారం, పవర్ ప్లాంటు వంటివాటిలో అలారముల చరిత్ర కీలకం. ట్రిప్ జరిగినప్పుడు పది సెకన్లలో వందల అలారములు వస్తాయి. వాటి వరుస మామూలు ట్యాగుల్లో దొరకదు, విడిగా అలారం ఆర్కైవ్ ఉండాలి. వీటికే ఇంకో బాధ్యత కూడా ఉంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2014లో ఎక్కువ కాలుష్యం కలిగించే 17 రకాల పరిశ్రమలకు చిమ్నీ, వ్యర్థజల కొలతలను ఆన్‌లైన్‌లో పంపాలని ఆదేశించింది. ఆ డేటా మండలి సర్వర్లకు వేరే దారిలో వెళ్తుంది. కానీ మండలి ఒక అంకె చూపించి వివరణ అడిగినప్పుడు, ఆ నిమిషంలో ప్లాంటు ఏ స్థితిలో ఉందో చెప్పగలిగేది హిస్టోరియనే. ఎనలైజర్ ట్యాగులు, కాలిబ్రేషన్ జరుగుతోందని చెప్పే సంకేతం రెండూ లైసెన్సులో ఉండాలి.

అసెట్ మోడల్ మాడ్యూల్ అవసరమా అన్న చర్చ ఎక్కువగా జరుగుతుంది. ట్యాగుల పేర్లు ఎఫ్‌ఐసీ-2013 వంటి రూపంలో ఉంటాయి. పాతికేళ్లుగా పనిచేస్తున్న ఆపరేటర్ అది ఏ పైపో కళ్లు మూసుకుని చెప్పగలడు, కొత్తగా చేరిన ఇంజనీరు చెప్పలేడు. అసెట్ మోడల్ 'రెండో యూనిట్, ఫీడ్ పంపు, ఫ్లో' అని చెట్టులా అమర్చి, ఒకే రకం పంపులన్నింటికీ ఒకే లెక్క వేయనిస్తుంది. నాలుగైదు వందల ట్యాగుల చిన్న ప్లాంటుకు ఇది లేకపోయినా నడుస్తుంది. వేలల్లో ఉంటే, ముఖ్యంగా అనుభవజ్ఞులు రిటైర్ అవుతుంటే, మొదటి నుంచీ ఉండటమే మేలు. తర్వాత పెడితే పేర్ల గజిబిజి విప్పడానికే నెలలు పడుతుంది.

ఎక్సెల్ యాడ్-ఇన్ అందరూ కొంటారు, కొనాలి కూడా. ఆఫీసు 32 బిట్టా 64 బిట్టా చూసుకుని దానికి తగ్గది పెట్టకపోతే అది ఎక్సెల్‌లో కనిపించదు. మొబైల్ యాప్, క్లౌడ్ కనెక్టర్, ప్రెడిక్టివ్ అనలిటిక్స్ వంటివి తర్వాత చేర్చుకోగలిగినవి. కంప్రెషన్ హద్దులు తప్పుగా ఉన్న డేటా మీద పెట్టిన ప్రెడిక్షన్ మాడ్యూల్ తిన్నని గీతలనే నేర్చుకుంటుంది. ఒకటి పడినా ఇంకొకటి ఉండేలా రెండు సర్వర్ల రిడండెన్సీ తీసుకుంటే ఇంటర్‌ఫేస్ బఫర్ రెండింటికీ పంపగలదో లేదో చూసుకోవాలి. పంపలేకపోతే ఒక సర్వర్ పడి లేచాక రెండింటి చరిత్రా వేరువేరుగా ఉంటుంది.

లైసెన్సు లెక్కలు మారుతున్న తీరు

ఒకప్పుడు లైసెన్సు కొంటే శాశ్వతం, ఏడాదికి సపోర్టు చార్జీ కట్టేవారు. ఇప్పుడు పెద్ద కంపెనీలు సబ్‌స్క్రిప్షన్ వైపు జరుగుతున్నాయి. మొదటి ఏడు ఖర్చు తక్కువగా కనిపిస్తుంది. పదేళ్ల ప్లాంటుకు పదేళ్ల మొత్తం వేసి పోల్చాలి. సబ్‌స్క్రిప్షన్ ఆగిపోతే పాత డేటా చదవనిస్తారా లేదా అన్నది ఒప్పందంలో రాతపూర్వకంగా ఉండాలి, ఎందుకంటే ఆ డేటా ప్లాంటుది.

హిస్టోరియన్ బయట ఉన్న లైసెన్సులు కూడా లెక్కను తారుమారు చేస్తాయి. ఒకే సర్వర్‌లో పలు వర్చువల్ మెషీన్లు నడిపే సాఫ్ట్‌వేర్ (హైపర్‌వైజర్) అమ్మే వీఎంవేర్‌ను బ్రాడ్‌కామ్ 2023 నవంబరులో కొన్నాక శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆపేసింది. హిస్టోరియన్, ఇంటర్‌ఫేస్, మధ్యపొర సర్వర్ అన్నింటినీ వర్చువల్ మెషీన్లుగా పెట్టుకున్న ప్లాంట్లకు అనుకోని ఖర్చు వచ్చిపడింది. వర్చువల్ పద్ధతి వల్ల బ్యాకప్, సర్వర్ మార్పిడి తేలిక, అందుకే దాన్ని వదలమనడం సరికాదు. సాఫ్ట్‌వేర్ తయారీదారు ఏయే హైపర్‌వైజర్లకు సపోర్టు ఇస్తున్నారో, ఒక్కదానికే పరిమితమయ్యారో ముందే అడగాలి.

కొటేషన్ దాటాక

కాగితం మీది అవసరాలు నిజంగా సరిపోయాయో లేదో తేలేది, సిస్టమ్‌ను స్వీకరించే ముందు చేసే యాక్సెప్టెన్స్ టెస్టులో. మామూలుగా ఈ పరీక్షలో ట్రెండ్ కనిపిస్తోందా, రిపోర్టు వస్తోందా అని చూసి సంతకం పెడతారు. ఇంకొన్ని పరీక్షలను టెండర్‌లోనే రాసుకుంటే ఇంటిగ్రేటర్ కూడా ముందే సిద్ధపడి వస్తాడు. ఇంటర్‌ఫేస్ నుంచి సర్వర్‌కు వెళ్లే కేబుల్ తీసేసి నాలుగు గంటలు ఉంచి, మళ్లీ పెట్టి, బకాయి ఎంతసేపట్లో చేరిందో, మధ్యలో ఖాళీ ఉందో లేదో చూడాలి. కీలకమైన ఇరవై ట్యాగులను ఎంచుకుని, డీసీఎస్ తెర మీద రాసుకున్న విలువలతో మర్నాడు హిస్టోరియన్ విలువలను పోల్చాలి. పది మంది ఒకేసారి ఏడాది రిపోర్టు అడిగినప్పుడు కంట్రోల్ రూమ్ తెర ఎంత నెమ్మదిస్తుందో కొలవాలి. సర్వర్‌ను బ్యాకప్ నుంచి ఖాళీ మెషీన్ మీదకు తిరిగి లేపాలి, దానికి పట్టిన గంటలు రాసుకోవాలి. నాలుగూ కలిపి రెండు మూడు రోజుల పని. కమిషనింగ్ షెడ్యూల్‌లో ఆ రోజులకు చోటు ముందే ఉంచాలి, ఎందుకంటే స్టార్టప్ తేదీ దగ్గరపడ్డాక కేబుల్ తీయనిచ్చే షిఫ్ట్ ఇన్‌చార్జ్ ఎవరూ ఉండరు.